ఒంటరి ఇంటికి తోడు: హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి)

భర్త పోయిన ఇంట్లో మొదటి మూడు రోజులు మనుషులకు కొదవ ఉండదు. వసారాలో పరిచిన చాపలు నిండిపోతాయి. నలభై రోజులు గడిచాక ఆ గుమ్మం తొక్కేవారే కనిపించరు. పోయినవాడు వయసులో ఉన్నవాడు, మిగిలింది పాతికేళ్ల భార్య, ఆమె కొంగు పట్టుకున్న పసిపిల్లలు అయితే ఆ ఇంటి నిశ్శబ్దం మరీ బరువైనది.

మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఇలాంటి ఇళ్లు తక్కువేమీ కావు. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వంటి మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి ఇంటి పెద్దలను పొట్టన పెట్టుకుంటూ వచ్చింది. బతుకుతెరువు కోసం చేపల వేటకు గుజరాత్ తీరం దాకా వెళ్లేవారు కొందరు, లారీల మీద రాత్రింబవళ్లు తిరిగేవారు కొందరు. వీరిలో ఇల్లు చేరనివారూ ఉన్నారు. ముస్లిం కుటుంబాలకు దీనికి తోడు మరో ఇబ్బంది ఉంది. శ్రీకాకుళంలో 1641లో కుతుబ్ షాహీల ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికీ నిలిచి ఉంది. చరిత్ర అంత పాతదైనా, 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రెండు జిల్లాల్లో ముస్లింలు నూటికి ఒక్కరి కన్నా తక్కువే. ఊళ్లో మన ఇళ్లే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నచోట, చిన్న వయసులో భర్తను పోగొట్టుకున్న ఆడబిడ్డకు తనలాంటి కష్టం పడిన మరో స్త్రీ ఎక్కడ దొరుకుతుంది? ఎవరితో మనసు విప్పి మాట్లాడుకుంటుంది?

ఈ ప్రశ్నకు సమాధానం ఒక సహాబియా జీవితంలో ఉంది. ఆమే హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి).

పరాయి దేశంలో పన్నెండేళ్లు

అస్మా (రజి) ఖస్అమ్ తెగకు చెందినవారు. తల్లి పేరు హింద్ బిన్తె ఔఫ్. మక్కాలో ఇస్లాం స్వీకరించిన తొలి కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకరు. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి పెదనాన్న అబూ తాలిబ్ కుమారుడైన హజ్రత్ జాఫర్ (రజి)తో ఆమె వివాహం జరిగింది.

మక్కాలో ముస్లింలపై హింస పెరిగినప్పుడు, క్రీ.శ. 615 ప్రాంతంలో, ప్రవక్త (స) అనుమతితో కొందరు సముద్రం దాటి హబ్షా దేశానికి వలస వెళ్లారు. ఆ దేశాన్నే తర్వాతి కాలంలో అబిసీనియా అన్నారు. ఎనభై మందికి పైబడిన పురుషులు, వారితో కొందరు స్త్రీలు ఆ వలసలో ఉన్నారు. వారికి పెద్దగా వ్యవహరించినవారు జాఫర్ (రజి). క్రైస్తవ రాజైన నజాషీ ఎదుట నిలబడి మర్యమ్ సూరాలోని వాక్యాలు చదివి వినిపించింది ఆయనే. అవి విని కంటతడి పెట్టిన నజాషీ, వారిని మక్కా వారికి అప్పగించనని తేల్చి చెప్పాడు.

అక్కడ భాష వేరు, మతం వేరు, ఆచారం వేరు. తమవారంటూ ఉన్నది ఆ కొద్ది కుటుంబాలే. అస్మా (రజి)కి ముగ్గురు కొడుకులు అబ్దుల్లా, ముహమ్మద్, ఔన్ అక్కడే పుట్టారు. పురుడు పోయడానికి పుట్టింటివారు లేరు. జ్వరం వస్తే, కన్నీరు వస్తే పక్కింటి వలస స్త్రీయే తల్లి, ఆమే తోబుట్టువు. పన్నెండేళ్లకు అటూ ఇటూగా సాగిన ఆ పరాయి బతుకులో వారి మధ్య అల్లుకున్న బంధం మదీనా చేరాక కూడా తెగలేదు.

ఓడ మీద వచ్చినవారు

హిజ్రీ 7వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 628లో, ఖైబర్ విజయం నాటికి జాఫర్ (రజి) బృందం ఓడల మీద తిరిగి వచ్చింది. ఖైబర్ గెలిచినందుకు ఎక్కువ సంతోషించాలో, జాఫర్ వచ్చినందుకు ఎక్కువ సంతోషించాలో తెలియడం లేదని ప్రవక్త (స) ఆయనను కౌగిలించుకున్నారు.

మదీనా చేరిన అస్మా (రజి) ఒకనాడు హజ్రత్ హఫ్సా (రజి)ని చూడటానికి వెళ్లారు. హఫ్సా (రజి) హజ్రత్ ఉమర్ (రజి) కుమార్తె. ఆమె మొదటి భర్త ఖునైస్ (రజి) హబ్షా వలసలో అస్మా (రజి) కుటుంబంతో పాటు ఉన్నవారే. ఆయన బద్ర్ యుద్ధంలో పాల్గొని, ఆ తర్వాత మదీనాలో కన్నుమూశారు. అప్పటికి హఫ్సా (రజి) వయసు ఇంచుమించు ఇరవై ఏళ్లు. కూతురి ఒంటరితనం చూడలేక తండ్రి ఉమర్ (రజి) తానే స్వయంగా సంబంధం కోసం బయలుదేరి ముందు ఉస్మాన్ (రజి)ని, తర్వాత అబూ బకర్ (రజి)ని అడిగారు. చివరకు ప్రవక్త (స) ఆమెను వివాహమాడారు.

ఆ రోజు కూతురి ఇంటికి వచ్చిన ఉమర్ (రజి), ఈమె ఎవరని అడిగారు. అస్మా అని తెలియగానే, మదీనాకు హిజ్రత్ చేయడంలో మేమే మీకన్నా ముందున్నాం కనుక ప్రవక్త (స)పై మా హక్కే ఎక్కువ అన్నారు. అస్మా (రజి)కి కోపం వచ్చింది. మీరు ప్రవక్త (స) నీడన ఉన్నారు, ఆకలైతే ఆయన అన్నం పెట్టారు, తెలియనిది నేర్పారు, మేము మాత్రం దూరదేశంలో భయంతో బాధలు పడుతూ ఉన్నామని ముఖం మీదే జవాబిచ్చారు. ఈ సంగతి ప్రవక్త (స)కే విన్నవిస్తానని, ఒక్క మాట పెంచనని, తగ్గించనని చెప్పి అలాగే చేశారు. ప్రవక్త (స) ఆమె మాటే నెగ్గించారు. ఉమర్‌కు, ఆయన తోటివారికి ఒక హిజ్రత్ పుణ్యం, ఓడవారికి రెండు హిజ్రత్‌ల పుణ్యం అని తీర్పు చెప్పారు.

ఈ మాట వినడానికి ఓడ మీద వచ్చినవారు గుంపులు గుంపులుగా అస్మా (రజి) ఇంటికి వచ్చేవారు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) అయితే మళ్లీ మళ్లీ చెప్పించుకునేవారు. ఒకే కష్టం పడినవారికి ఒకరి ఇల్లు మరొకరికి ఎంత ఊరటో ఈ ఒక్క సంగతి చాలు.

భర్తలను పోగొట్టుకున్న స్త్రీల నడుమ

అస్మా (రజి) అడుగుపెట్టిన మదీనాలో భర్తను పోగొట్టుకోవడం అంటే ఏమిటో తెలిసిన స్త్రీలు ఎందరో ఉన్నారు. ఆమె సొంత తోబుట్టువు సల్మా (రజి) హజ్రత్ హమ్జా (రజి) భార్య. హిజ్రీ 3లో ఉహుద్ యుద్ధంలో హమ్జా (రజి) షహీద్ అయ్యారు. హబ్షాలో తోటి వలసదారైన ఉమ్మె సలమా (రజి) భర్త ఉహుద్‌లో తగిలిన గాయంతోనే హిజ్రీ 4లో మరణించారు. నలుగురు పిల్లలతో ఆమె ఒంటరి అయ్యారు. ఉమ్మె హబీబా (రజి) భర్త హబ్షాలోనే పోయాడు. సౌదా (రజి) కూడా హబ్షా వలస చేసి వచ్చి, భర్తను పోగొట్టుకున్నవారే. తల్లి వైపు తోబుట్టువైన మైమూనా (రజి)కీ అదే అనుభవం. ఉమ్మె సలమా, ఉమ్మె హబీబా, సౌదా, మైమూనా (రజి) తర్వాత ప్రవక్త (స) ఇంట అడుగుపెట్టి విశ్వాసుల మాతృమూర్తులయ్యారు.

ఉహుద్‌లో డెబ్భై మంది షహీద్ అయ్యారు. ఎన్నో ఇళ్లు ఒక్క పూటలో దిక్కులేనివయ్యాయి. ఆ స్త్రీల గురించి తాబయీ అయిన ముజాహిద్ (రహ్) ఒక సంగతి ఉల్లేఖించారు. పక్కపక్క ఇళ్లలో ఉంటున్న కొందరు వితంతువులు ప్రవక్త (స) వద్దకు వచ్చారు. రాత్రిపూట భయంగా, ఒంటరిగా ఉంటోంది, అందరం ఒకరి ఇంట్లోనే పడుకుని తెల్లవారగానే ఎవరిళ్లకు వారం వెళ్లవచ్చా అని అడిగారు. ఒకరి ఇంట చేరి మీకు ఇష్టమైనంతసేపు మాట్లాడుకోండి, నిద్రవేళకు మాత్రం ఎవరింటికి వారు వెళ్లండి అని ప్రవక్త (స) అనుమతించారు. ఇద్దత్ అంటే నాలుగు నెలల పది రోజులు స్త్రీని గదిలో పెట్టి గొళ్లెం వేయడం అనుకునేవారు ఈ ఉల్లేఖనాన్ని ఒకసారి తలచుకోవాలి. ఇద్దత్ నియమం నియమమే. తోటి స్త్రీల మాట, తోడు కూడా ఆ నియమం లోపలే ఉన్నాయి.

హిజ్రీ 7 చివరలో ప్రవక్త (స) ఉమ్రా ముగించుకుని మక్కా నుంచి బయలుదేరుతుండగా హమ్జా (రజి) చిన్న కూతురు వెంటబడి వచ్చింది. తండ్రి లేని ఆ బిడ్డను నేను పెంచుతానంటే నేను పెంచుతానని అలీ, జాఫర్, జైద్ (రజి) ముగ్గురూ పోటీపడ్డారు. తల్లి తోబుట్టువు తల్లితో సమానమని చెప్పి, ప్రవక్త (స) ఆ పిల్లను జాఫర్ ఇంటికి, అంటే అస్మా (రజి) ఒడికి అప్పగించారు. తండ్రి లేని బిడ్డను అక్కున చేర్చుకున్న ఆ తల్లికి, తన పిల్లలే తండ్రి లేనివారయ్యే రోజు ఎంతో దూరంలో లేదు.

పిండి కలిపి పెట్టిన రోజు

హిజ్రీ 8, జమాదిల్ అవ్వల్ నెల. క్రీ.శ. 629. నేటి జోర్డాన్ దేశంలోని మూతా వద్దకు మూడు వేల మంది సైన్యం వెళ్లింది. నాయకత్వం వహించిన జైద్ (రజి) నేలకొరిగాక జెండా జాఫర్ (రజి) అందుకున్నారు. ఆయన శరీరంపై యాభైకి పైగా గాయాలు కనిపించాయి. వీపు మీద మాత్రం ఒక్కటీ లేదు.

ఆ రోజు మదీనాలో అస్మా (రజి) రొట్టెలకు పిండి కలిపి పెట్టారు. పిల్లలకు స్నానం చేయించి, తలకు నూనె రాసి, శుభ్రంగా తయారు చేశారు. ప్రవక్త (స) ఇంటికి వచ్చి పిల్లలను పిలవమన్నారు. వారిని దగ్గరకు తీసుకుని ముద్దాడుతుంటే ఆయన కళ్ల నుంచి నీళ్లు జారాయి. ఏదో జరిగిందని ఆమెకు అర్థమైంది. జాఫర్ గురించి ఏమైనా కబురు వచ్చిందా అని అడిగారు. ఆయన షహీద్ అయ్యారని ప్రవక్త (స) చెప్పారు. ఆమె ఏడుపు విని చుట్టుపక్కల స్త్రీలు పరుగున వచ్చి ఆమె చుట్టూ చేరారు. ప్రవక్త (స) కుమార్తె ఫాతిమా (రజి) కూడా ఏడుస్తూ వచ్చారు.

ప్రవక్త (స) తమ ఇంటికి వెళ్లి, జాఫర్ ఇంటివారికి భోజనం వండి పంపండి, వారికి తేరుకోలేని కష్టం వచ్చిపడిందని ఆదేశించారు. నేటికీ చావు జరిగిన ఇంటికి బంధువులు, ఇరుగుపొరుగు అన్నం పంపే సంప్రదాయానికి మన ధర్మంలో ఆధారం ఈ ఆదేశమే. అస్మా (రజి) ఇంట్లో కలిపిన పిండి అలాగే ఉండిపోయి ఉంటుంది. ఆ పూట పిల్లల ఆకలి తీర్చింది పక్కింటి పొయ్యి.

మూడు రోజుల తర్వాత ప్రవక్త (స) మళ్లీ వచ్చారు. ఇక ఏడవవద్దని ఓదార్చి, మంగలిని పిలిపించి పిల్లలకు తల గొరిగించారు. పిల్లలు తండ్రి లేనివారయ్యారని తల్లి బాధపడితే, ఇహపరాల్లో వారి సంరక్షకుణ్ని నేను ఉండగా వారికి పేదరికం వస్తుందని భయపడుతున్నావా అని అడిగారు. అది మాటతో పోలేదు. పిల్లలు చిక్కిపోయి కనిపిస్తే ఎందుకిలా ఉన్నారని వాకబు చేసేవారు. ఒకసారి ప్రయాణం నుంచి వస్తూ చిన్నారి అబ్దుల్లాను వాహనం మీద తమ ముందు, ఫాతిమా (రజి) కొడుకుల్లో ఒకరిని తమ వెనుక కూర్చోబెట్టుకుని మదీనాలో ప్రవేశించారు. తండ్రి లేని పిల్లవాడిని మనవడితో సమానంగా ఊరంతా చూసేలా తీసుకువచ్చిన రీతి అది. ఆ అబ్దుల్లాయే పెద్దయ్యాక దానగుణంలో సముద్రమంతటివాడని పేరు పొందారు.

మళ్లీ ఒక ఇల్లు

ఇద్దత్ ముగిశాక అస్మా (రజి)ని హజ్రత్ అబూ బకర్ (రజి) వివాహమాడారు. హిజ్రీ 10లో ప్రవక్త (స) చివరి హజ్‌కు బయలుదేరినప్పుడు ఆమె నిండు గర్భిణి. మదీనా దాటగానే జుల్ హులైఫాలో కొడుకు ముహమ్మద్ పుట్టాడు. బాలింతనని వెనక్కి పంపలేదు. స్నానం చేసి ఇహ్రామ్ కట్టుకోమని ప్రవక్త (స) ఆదేశించారు.

హిజ్రీ 11లో ప్రవక్త (స) పరమపదించారు. ఫాతిమా (రజి) ఆ దుఃఖం నుంచి కోలుకోలేదు. దాదాపు ఆరు నెలలకే మంచం పట్టారు. జాఫర్ మరణించిన రోజు అస్మా ఇంటికి ఏడుస్తూ వచ్చిన ఫాతిమా (రజి) పక్కన ఇప్పుడు అస్మా (రజి) కూర్చున్నారు. తన జనాజా ఎత్తినప్పుడు పైన కప్పిన వస్త్రంలోంచి శరీరం ఆకారం కనిపిస్తుందేమోనని ఫాతిమా (రజి) దిగులుపడ్డారు. హబ్షాలో నేను చూసింది చూపిస్తానని చెప్పి అస్మా (రజి) ఖర్జూరపు పచ్చి కొమ్మలు తెప్పించి, వంచి కట్టి, పైన వస్త్రం కప్పి చూపించారు. ఫాతిమా (రజి) మనసు కుదుటపడింది. ఆమె కన్నుమూశాక గుసుల్ చేయించడంలో అస్మా (రజి) పాల్గొన్నారని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. పరాయి దేశంలో గడిపిన కష్టకాలం చివరకు ఒక స్నేహితురాలి ఆఖరి దిగులు తీర్చింది.

హిజ్రీ 13లో అబూ బకర్ (రజి) కూడా మరణించారు. తనకు గుసుల్ అస్మాయే చేయించాలని ఆయన కోరారు. ఆమె ఆ కోరిక తీర్చారు. ఆ తర్వాత హజ్రత్ అలీ (రజి) ఆమెను వివాహమాడారు. జాఫర్ కొడుకు ముహమ్మద్, అబూ బకర్ కొడుకు ముహమ్మద్ ఒకే ఇంట పెరిగారు. ఒకనాడు పిల్లలిద్దరూ మా నాన్న గొప్ప అంటే మా నాన్న గొప్ప అని వాదులాడుకున్నారు. తీర్పు చెప్పమని అలీ (రజి) భార్యనే అడిగారు. అరబ్బు యువకుల్లో జాఫర్‌ను మించినవారిని, పెద్దవారిలో అబూ బకర్‌ను మించినవారిని తాను చూడలేదని ఆమె నిస్సంకోచంగా చెప్పారు. మరి మాకేమీ మిగల్చలేదే అని అలీ (రజి) అన్నారు తప్ప తప్పుపట్టలేదు. పోయిన భర్త పేరు ఎత్తడానికి భయపడనక్కరలేని ఇల్లు అది.

హిజ్రీ 38లో ఈజిప్టులో కొడుకు ముహమ్మద్ బిన్ అబూ బకర్ హతుడయ్యాడన్న వార్త వచ్చింది. ఆ తల్లి నమాజు స్థలంలో కూర్చుని దుఃఖాన్ని దిగమింగుకున్నారు. ఆ తర్వాత కొంత కాలానికే ఆమె కన్నుమూశారు.

మన ఊళ్లలో ఏం చేయాలి?

ఈ జీవితంలో మనం గమనించవలసింది ఒకటుంది. అస్మా (రజి) ధైర్యవంతురాలే. అయినా ఆమె ఒక్కరే తన దుఃఖాన్ని మోయలేదు, మోయనివ్వలేదు. పక్కింటివారు అన్నం పంపారు. తోటి స్త్రీలు చుట్టూ చేరారు. పిల్లలకు అండ దొరికింది. మళ్లీ పెళ్లికి తలుపు తెరిచే ఉంది. తన వంతు వచ్చినప్పుడు ఆమె మరొకరి మంచం పక్కన కూర్చున్నారు.

ప్రవక్త (స) ఆ ఇంటికి అన్నం పంపమన్నారు. ఆ ఇంటి అన్నం తినమనలేదు. మనమేమో మూడో రోజు, పదో రోజు, నలభయ్యో రోజు అంటూ అప్పు చేసైనా ఆ ఇల్లాలి చేత విందు పెట్టిస్తున్నాం. ఆ డబ్బు పిల్లల చదువుకు దక్కితే పోయినవారికి మేలు జరగదా? పెళ్లిళ్లలో ఆమెను వెనుక వరుసలో నిలబెట్టే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో గాని, మదీనా నుంచి మాత్రం రాలేదు.

మన ఊళ్లో మన ఇళ్లు కొద్దివే అనుకుంటే, హబ్షాలో వారి ఇళ్లూ కొద్దివే. కొద్దిమంది ఉన్నచోటే ఒకరికొకరు ఎక్కువ అవసరం. సాలూరులోనో, ఇచ్ఛాపురంలోనో ఒక ఇంట ఇలాంటి కష్టం వస్తే, పక్క ఊళ్లో అదే కష్టం దాటివచ్చిన స్త్రీని ఇంటివారు వెంటబెట్టుకుని తీసుకురావచ్చు. ఓదార్పు మాటలు అందరూ చెప్పగలరు. రాత్రి నిద్ర పట్టనప్పుడు ఏం చేయాలో, పిల్లవాడు నాన్న ఎప్పుడొస్తాడని అడిగితే ఏం చెప్పాలో, పింఛను కాగితాలు ఎక్కడ ఇవ్వాలో చెప్పగలిగింది ఆమె ఒక్కతే. ఆ స్త్రీ మన మతస్థురాలే కానక్కరలేదు. ఉద్దానంలో భర్తలను పోగొట్టుకున్న హిందూ సోదరీమణులు మన ఇరుగుపొరుగువారే. ముస్లింలకు కష్టకాలంలో నీడనిచ్చిన నజాషీ ఆనాడు క్రైస్తవ రాజే కదా!

ఈ శుక్రవారం నమాజు ముగించుకుని ఇంటికి వెళ్లేటప్పుడు, మీ వీధిలో నలభై రోజులు ఎప్పుడో దాటిపోయిన ఒక ఇల్లు గుర్తుకు తెచ్చుకోండి. సాయంత్రం మీ ఇంటి ఆడవారు ఒక గిన్నెలో కూర పట్టుకుని ఆ గుమ్మం ఎక్కితే చాలు. కాసేపు కూర్చుని మాట్లాడితే మరీ మంచిది.

దుఃఖంలో ఉన్న ప్రతి ఆడబిడ్డకు అల్లాహ్ మంచి తోడును ప్రసాదించుగాక! ఆ తోడుగా నిలిచే భాగ్యం మనకు కలుగజేయుగాక! ఆమీన్.